ఈల వేసిన కెంపు గిన్నె

సోమవారం. ఆకాశం తేటగా ఉంది.

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. సానశాలలో రాళ్ళు కోసేవాళ్ళు రోజువారీ సంగతులు రాసిపెట్టాలని ఎర్రదిన్నె పెద్దల కొత్త హుకుం. ఇక్కడ రాళ్ళు కోసేదాన్ని నేనొక్కదాన్నే. ఆ హుకుం ఎవరి నెత్తిన పడిందో వేరే చెప్పక్కర్లేదు. నా పేరు ఓబులమ్మ. కెంపు గిన్నెలు కోస్తాను. నోరు పెద్దదంటారు, అనుకోనీ.

పొద్దున్నే తలుపు సందుల్లో చేరిన ఎర్రదుమ్ము ఊడ్చాను. ఎంత బిగించినా ఈ దుమ్ము ఎట్లాగో లోపలికి దూరుతుంది. కింద, భూమ్మీద, దుమ్ము లేస్తే కాసేపటికి అదే నేల మీద పడేదట. ఇక్కడి దుమ్ముకు పడటానికి కూడా బద్ధకమే.

నేను చీపురు మూలన పెట్టేసరికి ఎర్రిస్వామి మామ వచ్చాడు. సానశాలకు పెద్ద ఆయనే, నాకు పని నేర్పిందీ ఆయనే. చూపు మందగించాక కోత మానేశాడు గానీ తల్లిగోళీకి పూజ మానలేదు. తల్లిగోళీ అంటే మొదటి ఓడలో కింద నుంచి వచ్చిన స్ఫటికపు గోళీ. ఇత్తడి కాడకు బిగించి ఉంటుంది. నేను కోసే ప్రతి గిన్నెనూ దాని మొహానికి ఆనించే సరిచూసుకోవాలి. గోళీకి పల్చగా నీలిరంగు పూసి గిన్నెలో అదిమితే, గిన్నె లోపలంతా నీలం సమంగా అంటాలి. అంటనిచోట కొలత తప్పినట్టు. మామ రోజూ ఆ మొహం మీద ఉంగరపు వేలితో కుంకుమ గుండ్రంగా తిప్పి పెట్టి, దండం పెట్టుకొని, మళ్ళీ మెత్తటి తోలుతో అద్దంలా మెరిసేదాకా తుడిచి నా చేతికిస్తాడు. అప్పటిదాకా నేను సాన తిప్పకూడదు. ఒక్కోరోజు విసుగొస్తుంది. అయినా ఆయన పూజ చేస్తుంటే నోరు మూసుకొని నిలబడతాను. నా నోరు మూయించగలిగింది ఈ ఊళ్ళో అదొక్కటే.

ఇప్పుడు కోస్తున్నది మా తమ్ముడు తిప్పేస్వామికి. గురువారం వాడు మారెన్నతో కలిసి మంచు గనికి పోతున్నాడు. బయట మనిషి పీల్చే గాలి లేదు. ముసుగులో ముక్కు దగ్గర ఒక కెంపు గిన్నె, అందులో ఒక కెంపు గోళీ ఉంటాయి. ఊపిరి వదిలితే గోళీ లేచి చెడుగాలి పోనిస్తుంది. పీలిస్తే వచ్చి గిన్నెలో కూర్చొని మంచిగాలి పోకుండా ఆపుతుంది. అది సరిగ్గా కూర్చోకపోతే లోపలి గాలి బయటికి పోతూనే ఉంటుంది. వాడి పాత గిన్నె అంచు చిట్లింది. అందుకే కొత్తది.

కొలిమి నుంచి వచ్చిన కొత్త కెంపు కడ్డీ ఈసారి బాగా ముదురు రంగులో ఉంది, దానిమ్మ గింజ మాదిరి. ముక్క కోసి, లక్కతో ఇత్తడి పుల్లకు అంటించి, వజ్రపు పొడి రాసిన సాన మీద పెట్టాను. సాయంత్రానికి గిన్నె పడింది. తల్లిగోళీతో చూస్తే నీలం ఎక్కడా ఖాళీ లేదు. నా పనికి నేనే మురిసిపోయాను.


మంగళవారం. సన్నగా దుమ్ము.

గొట్టాల పనిచేసే ఒకాయన ముసుగు పట్టుకొని వచ్చాడు. పోయిన నెల నేనే కోసిచ్చిన గిన్నె. ఊపిరి పీల్చినప్పుడల్లా ఈల వినిపిస్తోందట. పాట ఏదైనా పాడుతోందా అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వలేదు. ముసుగు తగిలించుకొని నా చెవి దగ్గరికి వచ్చి పీల్చాడు. సన్నగా, తెగకుండా ఈల. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

నేను కోసిన గిన్నె ఎప్పుడూ ఈల వేయలేదు. వెంటనే విప్పి, గిన్నెను తల్లిగోళీకి ఆనించి చూశాను. నీలం నిండుగా అంటింది. తప్పు లేదు. మరి ఈల ఎక్కడిది? గోళీకి దుమ్ము అంటిందేమో అనుకొని, ముసుగులు బిగించే గదిలో కొత్త గోళీ వేయించుకోమన్నాను. గోళీలు మేం చేయం. అంత గుండ్రంగా చేసే యంత్రం కిందే ఉంది. ఓడలో మూసిన పొట్లాల్లో వస్తాయి. పొట్లం విప్పేది బిగింపు గదిలోనే. దుమ్ము పడుతుందని సానశాలలో విప్పనివ్వరు. అది మామ పెట్టిన కట్టుబాటు.


గురువారం. దుమ్ము ఎక్కువైంది.

ఇంకా మూడు ముసుగులు వచ్చాయి. మూడూ ఈల వేస్తున్నాయి. మూడూ నేను కోసినవే. మరెవరు కోస్తారు గనక! తల్లిగోళీ దగ్గర మూడూ బ్రహ్మాండంగా సరిపోయాయి.

వంటశాలలో నేను రాగిముద్ద తెచ్చుకుంటుంటే మాటలు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో తెలియనంత అమాయకురాలిని కాదు. ఓబులమ్మ చెయ్యి వణుకుతోందట, వయసు మీద పడిందట. నా వయసు వాళ్ళు లెక్క పెట్టారట! నా ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి నాలుగు మాటలు అనేసి వచ్చాను. అనేసి వచ్చాక కూడా మంట తగ్గలేదు.

మధ్యాహ్నం తిప్పేస్వామిని సాగనంపడానికి వాకిలి గదికి వెళ్ళాను. లోపలి తలుపుకూ బయటి తలుపుకూ నడుమ ఉండే గది అది. మారెన్న అప్పటికే అక్కడ ఉన్నాడు. మంచి మనిషి, ఎప్పుడూ నవ్వుతుంటాడు. వాడి భార్య సుంకమ్మ సానశాలలో నా పక్క బల్ల మీదే కిటికీ స్ఫటికాలకు మెరుగు పెడుతుంది. తమ్ముడికైతే కొత్త గిన్నెలు కోస్తావు, నాకెప్పుడు కోస్తావక్కా, నాది మీ మామ కాలం నాటిదని మారెన్న నన్ను ఆటపట్టించాడు. వచ్చే నెల నీకే అన్నాను.

గిన్నె బిగించి పరీక్ష చేశారు. ఈల రాలేదు. అయినా తిప్పేస్వామి ముసుగును అటూ ఇటూ తిప్పి చూస్తూ మెల్లగా అడిగాడు.

"అక్కా, నీ చెయ్యి బాగనే ఉండాది గదా?"

సొంత తమ్ముడు! వాడు అడిగినందుకు కాదు, అందరి ముందూ అడిగినందుకు మండింది. నిన్ను జోకొట్టిన చెయ్యిరా ఇది, నమ్మకపోతే నువ్వే కోసుకో అని కసిరాను. వాడు తల వంచుకొని ముసుగు సర్దుకున్నాడు. బండి కదిలాక అనిపించింది, పొయ్యేవాడిని కసరకుండా ఉండాల్సిందని.


శనివారం. తుఫాను. కిటికీల్లో ఏమీ కనిపించడం లేదు.

రేడియో పోయింది. దుమ్ము తగ్గేదాకా మంచు గనితో మాటల్లేవు.

నిన్న సాన మార్చాను. వజ్రపు పొడి మార్చాను. గిన్నెను పట్టుకునే చెయ్యికర్రను విప్పి, కడిగి, మళ్ళీ బిగించాను. కొత్త గిన్నె కోసి తల్లిగోళీతో చూశాను. అణువంత తప్పు లేదు. బిగింపు గదికి పంపాను. ఇవాళ రోజంతా పెట్టి చూస్తే అదీ ఈల మొదలుపెట్టింది. బిగించగానే ఏమీ ఉండదు, వాడేకొద్దీ వస్తుంది. తిప్పేస్వామి గిన్నెకు కూడా వాకిలి గదిలో చేసింది ఆ కాసేపటి పరీక్షే కదా.

పెద్దలు నన్ను పిలిపించారు. బల్ల మీద పళ్ళెంలో నీళ్ళు పోసి, దీపం పెట్టి, నీళ్ళను వేలికొసతో తాకి ఉంచమన్నారు. చెయ్యి వణికితే గోడ మీద వెలుగు కదులుతుందట. చిన్నపిల్లకు చేసినట్టు చేశారు. తల కొట్టేసినట్టయింది. అయినా వేలు పెట్టాను. వెలుగు కదల్లేదు. ఎంతసేపు చూసినా కదల్లేదు. ఒకాయన గోడ దగ్గరికి వెళ్ళి మరీ చూశాడు.

నా చెయ్యి బాగుందని తేలినందుకు సంతోషించాలి. కానీ సంతోషం రాలేదు. చెయ్యి బాగుండి, సాన బాగుండి, కొలత బాగుండి గిన్నె ఈల వేస్తుంటే, తప్పు ఎక్కడ వెతకాలో నాకు తోచలేదు. నా తమ్ముడు ఆ గిన్నె పెట్టుకొనే మంచు కోస్తున్నాడు.


ఆదివారం. తుఫాను.

ఈరోజు కట్టుబాటు తప్పాను. గోళీ పొట్లం ఒకటి సానశాలలోనే విప్పేశాను. ఎర్రిస్వామి మామ వద్దన్నాడు. నేను వినలేదు. ఆ కెంపు గోళీకే నీలిరంగు పూసి నేను కోసిన గిన్నెలో అదిమాను.

తీసి చూశాను. గిన్నె అడుగున నట్టనడుమ ఒక్క చుక్క నీలం. చుట్టూ ఏమీ లేదు. గోళీ గిన్నెలో కూర్చోవడమే లేదు, అడుగున ఒక్కచోట ఆని ఊగుతోంది. ఊగి ఊగి అరిగాక ఈల రాక ఏమవుతుంది? తల్లిగోళీకి అంత చక్కగా సరిపోయిన గిన్నె, అసలు గోళీకి సరిపోవడం లేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. ప్రతిసారీ అదే చుక్క.

మామ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. చివరికి కిందివాళ్ళ గోళీలే తప్పన్నాడు. వాళ్ళ యంత్రాలు పాతబడి ఉంటాయి, మన మీద వాళ్ళకు శ్రద్ధ తగ్గింది, తల్లిగోళీ మాత్రం ఏనాడూ అబద్ధం చెప్పలేదన్నాడు. పెద్దలూ అదే నమ్మారు. నిల్వలో ఉన్న గోళీలన్నిటినీ సాన పట్టి, తల్లిగోళీ కొలతకు తెమ్మని నాకు చెప్పారు.

నిజం చెప్పాలంటే నేనూ నమ్మాను. నా చెయ్యి కాదు, నా సాన కాదు, ఎక్కడో కింద ఎవరో తప్పు చేశారంటే ఎంత హాయిగా ఉంటుంది! రేపు పొద్దున్నే పని మొదలుపెట్టాలి. ఒకసారి సాన తగిలితే గోళీ మళ్ళీ పాత రూపానికి రాదు. వచ్చే ఓడ దాకా ఊరంతటికీ ఉన్నవి అవే.


సోమవారం. తుఫాను.

చెయ్యి ఇప్పటికీ కుదురుగా లేదు. పెద్దలు ఆ పళ్ళెం పరీక్ష ఇవాళ పెట్టి ఉంటే ఓడిపోయేదాన్ని.

పొద్దున మామ పూజ ముగించి తల్లిగోళీని నా చేతికిచ్చాడు. మొదటి కెంపు గోళీని పుల్లకు అంటించాను. సాన తిరుగుతోంది. గోళీని దించబోతుంటే సుంకమ్మ నా వెనక నుంచి చెయ్యి చాపి దేవుడి అరలోని కుంకుమ డబ్బా తీసుకుంది.

"దాన్ని యాడికి తీసుకపోతాండావు?" అన్నాను.

"నా మెరుగు పొడి అయిపోయిందిలేక్కా. రెండూ ఒకటే గదా. ఒకే రోట్లో నూరేది, ఒకే బట్టలో జల్లించేది. ఇంతకుముందూ తీసుకున్యా."

చెప్పి తన బల్ల దగ్గరికి పోయింది. కిటికీ స్ఫటికం మీద ఆ కుంకుమ చిటికెడు వేసి, తోలుతో గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది. స్ఫటికం గీతలు పోయి నున్నగా అవుతోంది. రోజూ చూసేదే. పక్క బల్ల మీద రోజూ నా కళ్ళ ముందు జరిగేదే.

నేను సాన ఆపేశాను.

కింద నుంచి కుంకుమ రావడం ఎప్పుడో ఆగిపోయింది. అప్పటి నుంచీ ఇక్కడి ఎర్రమట్టినే కడిగి, కాల్చి, వెన్నలా నూరి కుంకుమ చేసుకుంటున్నాం. స్ఫటికానికి మెరుగు పెట్టేది కూడా ఆ మట్టితోనే. ఎర్రదిన్నెలో ఇది తెలియనివాళ్ళు లేరు. తల్లిగోళీ స్ఫటికమని తెలియనివాళ్ళూ లేరు. ఈ రెండూ కలిపి ఆలోచించినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. నేనూ ఆలోచించలేదు.

ఊహ మీద నిలబడే విషయం కాదు కాబట్టి పరీక్ష చేశాను. మామ తన చిన్నప్పుడు, కింది కుంకుమ ఉన్న రోజుల్లో కోసిన గిన్నె ఒకటి సొరుగులో ఉంది. దాంట్లో నిన్నటి కెంపు గోళీని అదిమాను. నీలం నిండుగా అంటింది. వేరే ఓడలో వచ్చిన గోళీ పెట్టాను. అదీ నిండుగా అంటింది. తర్వాత తల్లిగోళీ పెట్టాను. అంచు దగ్గర మాత్రం చుట్టూ ఒక గీత అంటింది, నడుమ అంతా ఖాళీ. బొట్టు పెట్టే చోట తల్లిగోళీ మొహం చదునైపోయింది. కంటికి కనిపించనంత, వెంట్రుకలో ఎన్నో వంతు. ఆ చదును మొహానికి సరిపోయేట్టు నేను గిన్నెలన్నీ లోతు తగ్గించి కోస్తూ వచ్చాను. ఏడాదికేడాది అరిగి అరిగి, ఇప్పటికి ఈల వేసే దాకా వచ్చింది.

ఎర్రిస్వామి మామను పిలిచి మూడు గుర్తులూ మళ్ళీ వేసి చూపించాను. ఆయనకు నేను ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. భూతద్దం దించి తన ఉంగరపు వేలు చూసుకున్నాడు. ఆ వేలికి ఇంకా పొద్దుటి ఎరుపు ఉంది.

"పిల్లకు మొగం కడిగినట్ల తుడిస్తినే, ఓబులా," అన్నాడు. "నేనే అరగదీస్తినా?"

ఆయన బల్ల పట్టుకొని అట్లాగే నేల మీద కూర్చుండిపోయాడు. తిట్టాలనుకున్నా నోరు రాలేదు. ఎవరిని తిట్టాలి? ఆయన చేత తుడిపించుకొని, రోజూ చేతులు కట్టుకొని నిలబడి చూసినదాన్ని నేనే కదా. పుల్లకు అంటించిన గోళీని ఊడదీసి జాగ్రత్తగా పొట్లంలో పెట్టేశాను. ఇంకొక్క క్షణమైతే దాన్ని పాడు చేసేదాన్ని.

అప్పుడు తిప్పేస్వామి గుర్తొచ్చాడు. గుర్తు రావడం కాదు, వాడు మనసులోనే ఉన్నాడు, కానీ ఇప్పుడు అనుమానం కాస్తా రూఢి అయింది. వాడి ముసుగులో ఉన్నది ఈ అరిగిన మొహానికి కోసిన గిన్నెల్లో అన్నిటికంటే కొత్తది. అంటే అన్నిటికంటే చెడ్డది. సుంకమ్మ నన్ను పట్టుకొని కూర్చోబెట్టింది.

"మా ఆయన ఉండాడు గదక్కా వానితోపాటు. ఆయనది పాత గిన్నె, దానికేం కాదు. మీ తమ్మునికి ఏమన్నా అయితే భుజాన ఏసుకొని వస్తాడు. మా ఆయన సంగతి నీకు తెల్దా?"

ఆ మాటే పట్టుకొని ఇవాళ్టికి కూర్చున్నాను.


బుధవారం. దుమ్ము కాస్త తగ్గింది. రేడియో లేదు.

పెద్దలకు అంతా చెప్పాం. గోళీల అరగదీత ఆపేశారు. కొత్త గిన్నెలన్నీ వెనక్కి తీసుకున్నారు. పాత గిన్నెలు పెట్టి మంచు గనికి బండి పంపమని బతిమాలాను. ఈ దుమ్ములో బండి పంపితే దాన్ని వెతకడానికి ఇంకో బండి పంపాలన్నారు. వాళ్ళన్నది నిజమే. నిజమైనా వాళ్ళ మొహాలు చూడబుద్ధి కాలేదు.

కింది నుంచి వచ్చిన కెంపు గోళీనే ఒకదాన్ని కాడకు బిగించి, దాని కొలతకు కోయడం మొదలుపెట్టాను. మామ పక్కనే కూర్చుంటున్నాడు గానీ దేన్నీ ముట్టుకోవడం లేదు. సాన మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా వదలమంటే కూడా, నా చెయ్యి తగలనీకు అంటున్నాడు.

సుంకమ్మ తన పని మానేసి నా దగ్గరే ఉంది. వేళకు రాగిముద్ద, చెనక్కాయల పచ్చడి తెచ్చి తినేదాకా వదల్లేదు. మా తమ్ముడి కోసం మొక్కుకుంది. వాడి చిన్నప్పటి సంగతులు అడిగి చెప్పించుకొని, నన్ను నవ్వించి, చివరికి తనే ఏడ్చింది. నాకు సొంత చెల్లెలు లేదు. ఉంటే ఇంతకన్నా ఏం చేసేదని అనుకున్నాను.


శుక్రవారం. తేటపడింది.

రేడియో బతికింది. మొదట వచ్చిన మాటే, బండి తిరిగి వస్తోందని, ఒకరికి ఊపిరి పోతోందని. పేరు వినిపించేలోపే గరగరలాడి ఆగిపోయింది. నాకు పేరు అక్కర్లేదు, తెలుసు. సుంకమ్మా నేనూ వాకిలి గదికి పరుగెత్తాం. లోపలి తలుపు అద్దం దగ్గర నిలబడ్డాం. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకొని ఉంది. నేను ఏడవడానికి సిద్ధపడి ఉన్నాను. వాడిని కసిరి పంపానే, జోకొట్టిన చెయ్యి అన్నానే, ఆ చెయ్యే వాడిని తినేసిందే అని అప్పటికే లోపల ఏడుస్తున్నాను.

బయటి తలుపు తెరుచుకుంది. దుమ్ము కొట్టుకుపోయిన ఒక మనిషి ఇంకొకరిని భుజాన వేసుకొని లోపలికి వచ్చాడు. దింపి, వెనక తలుపు మూసి, గాలి నిండాక తన ముసుగు ఊడదీశాడు.

తిప్పేస్వామి. నిటారుగా, తన కాళ్ళ మీద తను నిలబడి ఉన్నాడు.

భుజాన వచ్చింది మారెన్న. ముసుగు లోపలంతా నెత్తురు.

సుంకమ్మ చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. మారెన్నది పాత గిన్నె. దానికేమీ కాకూడదు. అద్దానికి మొహం ఆనించి పిచ్చిదానిలా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ గందరగోళంలో కూడా నాకు మొదట కలిగింది సంతోషమే. నా తమ్ముడు బతికి ఉన్నాడు.


శనివారం. తేటగా ఉంది.

మారెన్న ప్రాణం ఉంది. గాలి పల్చబడి ఊపిరితిత్తుల్లో నెత్తురు చిమ్మిందట. ఇప్పుడు యంత్రం ఊపిరి పోస్తోంది. సగమైనా కోలుకోవచ్చని వైద్యురాలు అంటోంది. బయటికి మాత్రం ఇక పోలేడు. సుంకమ్మ అక్కడి నుంచి కదలడం లేదు. తిప్పేస్వామి లేకుంటే నా మొగుడు మంచులోనే పడి ఉండేవాడని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. తను తినకుండా తన పళ్ళెం వాడికి పెడుతోంది.

ప్రమాదం జరిగిన ముసుగులను సానశాలకు పంపడం ఆనవాయితీ. పొద్దున రెండూ నా బల్ల మీదికి వచ్చాయి. మారెన్న ముసుగు నెత్తురు కడిగి విప్పాను. గిన్నె బయటికి తీసి వెలుగులో పెట్టాను. దానిమ్మ గింజ రంగు. ఆ కడ్డీ నుంచి తీసి నేను బయటికి పంపింది ఒక్కటే గిన్నె. నా తమ్ముడికి ఇచ్చింది.

తిప్పేస్వామి ముసుగు విప్పాను. మామ కాలపు లేతరంగు గిన్నె.

తర్వాత రెండు గిన్నెలూ గుప్పిట్లో పెట్టుకొని వైద్యశాలకు వెళ్ళాను. వాడు గది బయట బెంచీ మీద ఉన్నాడు. పక్కన కూర్చొని గుప్పిట తెరిచాను. వాడు చూశాడు. ఏమిటని అడగలేదు.

"బండిలోనే మార్చుకుంటిమక్కా," అన్నాడు. "ఊరంతా నీ చెయ్యి పోయిందంటాండ్రి. నాకు బయమేసింది. కొత్తది కావాల్నని వాడు ఎప్పట్నించో అడుగుతాండె గదా. తీస్కో అని ఇస్తి. ఎగిరి గంతేసినాడు."

"వానికి చెప్పినావా? ఊర్లో అనేమాట?"

వాడు నేల చూపులు చూశాడు.

"చెప్తే తీసుకుంటాడా?"

గుప్పిట మూశాను. నా చెయ్యి తప్పు చేయలేదని తేలిన రోజు నుంచి, మనసులో ఒక మూల గర్వపడుతూనే ఉన్నాను. అది ఇప్పుడు ఎందుకూ పనికి రాలేదు. తల్లిగోళీ అరిగిందని వాడికి తెలియదు. అయినా తెలియక చేశాడని చెప్పడానికి లేదు. గిన్నె ప్రాణం తీస్తుందని నమ్మే, నవ్వుతూ స్నేహితుడి చేతిలో పెట్టాడు. మామ చేసింది భక్తితో చేశాడు, నేను చేసింది నమ్మకంతో చేశాను. ఇది వీడు తెలిసి చేశాడు. నేను ఎత్తుకొని పెంచిన పిల్లవాడు. నన్ను నమ్మలేదు కాబట్టే బతికి ఉన్నాడు. బతికి ఉన్నందుకు వాడిని దగ్గరికి తీసుకోవాలని ఉంది, చెంప పగలగొట్టాలని ఉంది. రెండూ చేయలేకపోయాను.

"లోపలికి పో," అన్నాను. "సుంకమ్మకు నువ్వే చెప్పు."

"ఆమె నన్ను దేవుడంటాందక్కా."

"అందుకే పో. నువ్వు చెప్పకుంటే నేను చెప్తా."

వాడు నా మొహంలోకి చూశాడు, చిన్నప్పుడు దెబ్బ తగిలించుకొని వచ్చినప్పటి చూపు. నేను తల తిప్పుకోలేదు. లేచి లోపలికి పోయాడు.

తలుపు అద్దంలోంచి చూశాను. సుంకమ్మ వాడిని చూసి ముక్కాలిపీట జరిపింది. కూర్చోబెట్టి, మూత తీసి, ముద్ద పెట్టిన పళ్ళెం చేతికిచ్చింది. మంచం మీద మారెన్న ఛాతీ యంత్రంతోపాటు లేస్తూ దిగుతూ ఉంది. తిప్పేస్వామి పళ్ళెం ఒళ్ళో పట్టుకొని, తల ఎత్తకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆమె మొదట నవ్వుతూనే వింటోంది. తినమన్నట్టు పళ్ళెం వైపు చెయ్యి చూపించింది కూడా. వాడు చెబుతూనే ఉన్నాడు. ఆ చెయ్యి గాలిలోనే ఆగింది.

ఆమె ముందుకు వంగి, వాడి ఒళ్ళోంచి పళ్ళెం తీసేసుకుంది.